లెక్కించని అంకె

కర్నూలునుండి నంద్యాలకు పోవు రాజమార్గములో ఇరువది కిలోమీటర్లకు పైగా సాగిన పిమ్మట ఓర్వకల్లు కనబడును. ఆ ప్రాంతమున మన్ను తక్కువ, రాయి యెక్కువ. ఎవరో ఒకదానిపై నొకటి పేర్చిపెట్టినట్లు నిలిచిన బండలను చూచుటకై దూరప్రాంతములవారు బండ్లు నిలిపి దిగుదురు. ఊరివారికి అవి వింత గొలుపవు. వారి చూపు బండలకంటె మబ్బులమీదనే ఎక్కువగా నుండును. వాన కురిసిన యేట కంది, ఆముదము, శనగ ఇల్లు చేరును. కురియని యేట మగవారు బేతంచెర్ల దిక్కునకు నాపరాతి పనులకై పోవుదురు. ఆడవారు కూలి యెక్కడ దొరకునా యని వెదకుదురు.

ఆ యూరిలో బస్సు నిలుచు చోటికి, ఇంకను మసక విడువకముందే, ఒక గృహిణి వచ్చి నిలుచుండెడిది. ఆమె భుజమున పుస్తకముల సంచి, చేతిలో జొన్నరొట్టెల డబ్బా. తొలిదినములలో కండక్టరు ఆమెను ఉపాధ్యాయురాలని తలచి, "టీచరమ్మా, కొంచెం ముందుకు జరగండి" అనెడివాడు. ఆమె విద్యార్థులకిచ్చు పాసు తీసి చూపినప్పుడు అతడు దానిని అటునిటు త్రిప్పి, "ఇది మీ పాపది కదమ్మా?" అని యడిగెను. "పాపది కాదన్నా, నాదే" అని ఆమె చెప్పగా, బస్సులోనివారందరును తలలు త్రిప్పి చూచిరి. ఆమెకు అప్పటికి 32 ఏండ్లు. కూతురు ఎనిమిదవ తరగతి, కొడుకు ఐదవ తరగతి చదువుచుండిరి. ఆమె కర్నూలులోని ఒక నర్సింగు పాఠశాలలో మొదటి సంవత్సరపు విద్యార్థిని.

పెండ్లితో ఆమె చదువు ఇంటర్మీడియటు నడుమనే నిలిచిపోయినది. బిడ్డలు కొంచెము ఎదిగిన పిమ్మట ఓపెన్ స్కూలులో చేరి, దానిని పూర్తి చేసికొనెను. ఆ చదువు ఎందులకో అప్పుడు ఆమెకే తెలియదు. తెలిసినది మామగారికి పక్షవాతము వచ్చినప్పుడు. ఒక ప్రక్క కాలు చేయి పడిపోయి, ఆయన ఎనిమిది నెలలు మంచమున నుండెను. ఇంటిల్లిపాదియు ఆయనను కంటికి రెప్పవలె చూచుకొనిరి. వేళకు సంగటి మెత్తగా పిసికి తినిపించిరి. ఉతికిన దుప్పట్లు పరచిరి. అయినను నడుము క్రింద చర్మము కందెను. కందినచోట పుండు పడెను. పుండు లోతుగా దిగెను. ఊరికి వచ్చు నర్సమ్మ ఒకనాడు దానికి కట్టు కట్టుచు, "రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పండబెట్టాలమ్మా, మీకెవరూ చెప్పలేదా?" అనెను. ఎవరును చెప్పలేదు. కదలించినచో నొప్పి కలుగునని, కదలింపకుండుటయే సేవ యని వారనుకొనిరి. ఆయన పోయిన తరువాత గూడ ఆ ప్రశ్న కోడలిని విడువలేదు.

నర్సింగు, ప్రసూతి విద్యలు కలిసిన ఆ చదువు మూడేండ్లది. ఆమె చేరిననాటి నియమములలో పదునేడేండ్లు నిండినవారికి ప్రవేశము కలదు. పై హద్దు 35 ఏండ్లు. అనగా ఆమె ముందరి తలుపు మూసికొనుటకు మూడేండ్లు మాత్రమే మిగిలియుండెను. ఈ సంగతి ఇంటిలో చెప్పినప్పుడు భర్త "ఫీజు?" అని ఒక్క మాట అడిగి ఊరకుండెను. అత్తగారు మాత్రము ఊరకుండలేదు. "బిడ్డలకు పలక బలపము గొనిచ్చే వయసులో నీకెందుకే పలకా బలపము?" అని ఆ సాయంకాలమంతయు సణిగెను. కాని చేరిన మరునాటి వేకువన కోడలు లేచి చూచునప్పటికి పొయ్యి వెలుగుచుండెను. రొట్టెలు తట్టు చప్పుడు వినబడుచుండెను. ఆ పెద్దమ్మ చదువును ఏనాడును మెచ్చుకొనలేదు. రొట్టెలను ఏనాడును మానలేదు.

ఫీజునకు దారి చూపినది ఊరి పొదుపు సంఘము. ఓర్వకల్లు ప్రాంతమున ఈ సంఘములకు పేరు కలదు. 1990 తరువాతి దశాబ్దము నడుమ, ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో దక్షిణాసియాలో పేదరికము తొలగించుటకై యేర్పడిన కార్యక్రమము ఈ మండలమునకు వచ్చెను. అప్పుడు కూలిపని చేయు స్త్రీలు పదుగురు, పదునైదుగురు చొప్పున కూడి, దినమునకొక రూపాయి చొప్పున దాచుట నేర్చిరి. సంతకము రానివారు సంతకము నేర్చిరి. బ్యాంకు గడప యెక్కనివారు బ్యాంకు అధికారులను ప్రశ్నించుట నేర్చిరి. మన గృహిణి తన సంఘమునకు లెక్కల పుస్తకము వ్రాయునది. ఆ పుస్తకమునకు రెండే నియమములు. మొదటిది, చాపమీద పోసిన డబ్బును రెండుమార్లు లెక్కించి, అందరును వినునట్లు బిగ్గరగా చదివిన పిమ్మటనే అంకె వేయవలెను. రెండవది, తప్పు పడినచో దిద్దరాదు, చెరిపివేయరాదు. తప్పు అంకె కనబడునట్లే ఒక్క గీత గీసి, ప్రక్కన సరియైన అంకె వేసి సంతకము చేయవలెను. ఆరేండ్లలో ఆమె పుస్తకమున గీతలు నాలుగో ఐదో యుండును. అట్టి మనిషికి అప్పిచ్చుటకు సంఘమువారు ఎక్కువ సేపు ఆలోచింపలేదు.

పాఠశాలలో తోడివారందరును పదునెనిమిదేండ్ల లోపలివారు. వారామెను "అక్కా" అని పిలిచెడివారు. ఆడపిల్లలు గదా, తలనొప్పి వచ్చినను, ఇంటిమీద బెంగ కలిగినను ఆమె ప్రక్కకే చేరుదురు. కాని పాఠము చెప్పునప్పుడు వారొకసారి విన్నది పట్టుకొందురు. ఆమెకు మూడుసార్లు కావలెను. మనిషి శరీరమున 206 ఎముకలు. వానికన్నిటికిని ఆంగ్లములో పేర్లు. బస్సులో కన్నులు మూసికొని, భుజముమొదలు వ్రేలికొనవరకు ఒక్కొక్క యెముక పేరు పెదవులలో చెప్పుకొనుచుండగా, ప్రక్కనున్న ముసలమ్మ ఏదో మంత్రము జపించుచున్నదనుకొని జరిగి చోటిచ్చెను. రాత్రి భోజనములయిన పిమ్మట తల్లియు కూతురును ఒకే దీపము క్రింద కూర్చుండెడివారు. కూతురు పుస్తకము పట్టుకొని ప్రశ్నించును; తల్లి చెప్పును. తప్పు చెప్పినచో కూతురు ఉపాధ్యాయునివలె ముఖము పెట్టి, "మళ్ళీ చదువుకొని రా" అనును. ఆ పిల్లకు ఆ మాట అనుట ఎంత ఇష్టమో!

కొత్తది నేర్చుట ఒక యెత్తు, తెలిసినదానిని విడుచుట మరియొక యెత్తు. చిన్నవారికి ఈ రెండవ కష్టము లేదు. పదునాలుగేండ్లు ఇంటిలో పక్కలు పరచిన ఆమెకు పక్క పరచుట మరల నేర్పిరి. రోగి క్రింద ఒక్క ముడుత యున్నను అది చర్మమును ఒరయునట. చేతులు కడుగుకొనుట మరల నేర్పిరి. అరచేతులు, వ్రేళ్ళ సందులు, బొటనవ్రేళ్ళు, గోళ్ళ కొనలు, వరుస తప్పరాదు. కాలినచోట పసుపో సిరాయో పూయుట ఆమె చిన్ననాటినుండి చూచినదే. పూయరాదనియు, పారు చల్లని నీటిని ఆ చోట చాలసేపు పోయవలెననియు ఉపాధ్యాయిని చెప్పెను. మూర్ఛ వచ్చినవాని చేతిలో ఇనుప తాళపుచెవులు పెట్టుట ఊరి అలవాటు. వీధిలోని పిల్లవానికి ఆమెయే ఎన్నోమార్లు పెట్టినది. తాళపుచెవులు ఏమియు చేయవని, వానిని మెల్లగా ఒక ప్రక్కకు ఒత్తిగిలజేసి, నోటిలో ఏదియు పెట్టక, తలకు దెబ్బ తగులకుండ చూచుటయే చేయదగిన పని యని తెలిసినప్పుడు, ఆమె తన చేతివంక చూచుకొనెను.

పడక పుండ్ల పాఠము వచ్చిన దినమున ఆమె ఏమియు వ్రాసికొనలేదు. బరువు ఒకేచోట నిలిచినచో ఆ చోటికి నెత్తురు నడువదు. నెత్తురు నడువనిచో చర్మము చచ్చును. అందులకే రెండు గంటలకొకమారు ప్రక్క మార్చవలెను. ఇంతే పాఠము. పిల్లలు చకచక వ్రాసికొనిరి. ఆమె కలము మూతపెట్టి కూర్చుండెను. గంట మ్రోగిన పిమ్మట ఒక పిల్ల వచ్చి, "అక్కా, నా నోట్సు ఇయ్యనా?" అనగా, "వద్దులే, ఇది నాకు వచ్చు" అనెను.

ఒకనాడు తరగతిలో ఉపాధ్యాయిని ఫ్లోరెన్సు నైటింగేలు కథ చెప్పెను. ఆమె 1820లో పుట్టిన సంపన్నుల బిడ్డ. ఆ కాలమున ఆసుపత్రి సేవ మర్యాదస్తులు చేయు పని కాదని తలిదండ్రులు ఎంతో కాలము అడ్డుపడిరి. కడకు 1851లో, తన 31వ యేట, జర్మనీలోని కైసర్స్‌వెర్తు అను చోట కొన్ని నెలలు విద్యార్థినిగా నుండి సేవావిద్య నేర్చెను. 1854లో క్రిమియా యుద్ధమునకు పోయినప్పుడు ఆమె దీపము పట్టుకొని తిరిగినదని అందరును చెప్పుదురు. పుస్తకము పట్టుకొని లెక్క వ్రాసినదని చెప్పువారు తక్కువ. ఎందరు సైనికులు గాయములచే చనిపోయిరి, ఎందరు రోగములచే చనిపోయిరి యని నెలవారీగా లెక్కలు కూర్చి, గాయములకంటె రోగములే ఎక్కువమందిని చంపినవని రంగుల పటములలో చూపెను. ప్రభుత్వమువారు మాటకు కదలకున్నను అంకెకు కదలిరి. లండనులోని గణాంకశాస్త్ర సంఘమువారు 1858లో ఆమెను సభ్యురాలిగా నెన్నుకొనిరి. ఆ సంఘమున చేరిన మొదటి స్త్రీ ఆమెయే.

మన తెలుగునాట గూడ ఇట్టి త్రోవ వేసినవారు లేకపోలేదు. రాజమహేంద్రవరమున 1909లో పుట్టిన దుర్గాబాయి, చెరసాలనుండి వచ్చిన పిమ్మట, తోటివారు చదువు ముగించిన వయస్సులో మెట్రిక్యులేషనునకు కూర్చుండి, తరువాత పట్టభద్రురాలై న్యాయవాదియు నయ్యెను. చదువు నడుమ మానిన వయోజన స్త్రీల కష్టము ఆమె యెరిగినది. కావుననే ఆమె అధ్యక్షతన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో అట్టి స్త్రీలకు సంక్షిప్త విద్యాప్రణాళికను ప్రారంభించెను. దానివలన ఎందరో స్త్రీలు ఉపాధ్యాయినులు, గ్రామసేవికలు, నర్సులు అగుటకు అర్హత పొందిరి. ఈ కథలు వినుచున్నప్పుడు ఓర్వకల్లు గృహిణికి ధైర్యము కలిగిన మాట నిజమే. కాని కథలో విన్న ధైర్యము వార్డులో అడుగుపెట్టునప్పటికి సగము తరుగును.

ఆరవ నెలలో వారిని వేకువ పనికి వార్డులలోనికి పంపిరి. ప్రతి రోగికిని ఉష్ణము, నాడి, శ్వాస, రక్తపుపోటు చూచి, మంచము చెంతనున్న పట్టికలో వ్రాయవలెను. వీనిలో శ్వాస లెక్కించుట చూచుటకు తేలిక, చేయుటకు కష్టము. నీ శ్వాస లెక్కించుచున్నానని చెప్పినచో రోగి తెలియకనే ఊపిరిని మార్చివేయును. అందుచేత నాడి చూచిన పిమ్మట మణికట్టుమీది వ్రేళ్ళు తీయక, ఇంకను నాడియే చూచుచున్నట్లు నటించి, ఎద పైకి లేచి దిగుటను ఒక పూర్తి నిమిషము లెక్కింపవలెను. పెద్దవారికి నిమిషమునకు 12 మొదలు 20 వరకు సాధారణము. బిడ్డలకు ఎక్కువ. ఏడాది దాటి ఐదేండ్లలోపు బిడ్డకు దగ్గు గాని ఆయాసము గాని యుండి, శ్వాస 40 గాని అంతకు మించి గాని ఉన్నచో వెంటనే వైద్యునికి చూపవలెను. ఒక నిమిషము చిన్నదే. కాని పండ్రెండు మంచములకు పండ్రెండు నిమిషములు; పెద్ద డాక్టరు వచ్చు వేళ యగుచున్నప్పుడు నిమిషమంత పొడవైనది మరియొకటి లేదు.

ఆనాడు ఆమె పదునొకండు మంచములు సక్రమముగా చూచెను. పండ్రెండవ మంచమున తుంగభద్ర ఆవలినుండి వచ్చిన ఒక ముసలి రైతు దిండ్ల కానుకొని కూర్చుండి యుండెను. ఉష్ణము చూచెను, నాడి చూచెను. బయట డాక్టర్ల అడుగుల చప్పుడు వినబడెను. పట్టికలో పై వరుసలన్నిటను శ్వాస గడిలో 20 అని యుండెను. ఆమెయు 20 అని వేసెను.

వెనుకనుండి ఒక చేయి వచ్చి పట్టికను అందుకొనెను. ఉపాధ్యాయిని ఆమెకంటె ఐదేండ్లు చిన్నది. చిన్నపిల్లలను "నువ్వు" అన్నను ఈమెను ఎప్పుడును "మీరు" అనునదే. గొంతు పెంచలేదు. "ఇరవై అని వేశారు. రండి, ఇద్దరమూ కలిసి ఒకసారి లెక్కపెడదాం" అనెను. ఒకరొక ప్రక్క, మరియొకరొక ప్రక్క నిలిచిరి. ముసలివాడు వారి చేతిగడియారములవంక చూచి, "ఏమ్మా... ఇద్దరూ గడియారాలు జూస్తాండారు... ఇండ్లకు పొద్దయిందా?" అని నవ్వెను. ఆ చిన్న మాటను ఆయన మూడు ఊపిరులలో చెప్పెను. అది ఆమె అప్పుడు గమనించెను. ఉష్ణము చూచునప్పుడును ఆయన ఏదో మాటాడినాడు, అప్పుడు గమనింపలేదు.

నిమిషము ముగిసెను. లెక్క 34.

ఉపాధ్యాయిని కలము ఆమె చేతికే ఇచ్చెను. తప్పు అంకెమీద ఒక్క గీత గీసి, ప్రక్కన 34 అని వేసి, వేళ వేసి, పొడి అక్షరములు వ్రాయుమనెను. సంఘపు పుస్తకములో గీత గీచిన చేతులే అవి. అయినను ఆ గీత వంకరపోయెను. డాక్టరు వచ్చి రైతు వీపున గొట్టము పెట్టి విని, ఊపిరితిత్తులకు చిత్రము తీయించి, న్యుమోనియా యని నిర్ణయించి ప్రాణవాయువు పెట్టించెను. ఆమె మంచము తలవైపు ఎత్తి, ఆయనను సరిగా కూర్చుండబెట్టి, దిండు సర్దెను. ఆయనకు ఈ అంకెల సంగతి తెలియదు. "నీ చెయ్యి చల్లగుండాదమ్మా" అనెను.

వరండాలో ఆమె ఉపాధ్యాయినితో, "నావల్ల కాదు మేడమ్. నేను మానుకుంటాను" అనెను. ఆమె మనస్సున అప్పుడు ఇంకను తీరవలసిన సంఘపు వాయిదాలు, అత్తగారి రొట్టెలు, మామగారి వీపు అన్నియు ఒకేసారి మెదలినవి. ఉపాధ్యాయిని ఒక క్షణము చూచి, "సరే, ఆ మాట రేపు చెప్పండి. ఇప్పుడు పదమూడో మంచం మిగిలి ఉంది" అని చెప్పి ముందుకు సాగెను.

ఆమె పదుమూడవ మంచము చూచెను.

ఆ రాత్రి సంఘము కూడెను. చాపమీద డబ్బు పోసిరి. ఆమె ఎప్పటివలెనే రెండుమార్లు లెక్కించి, మొత్తము చదువబోయి, మరల మొదటినుండి మూడవమారు లెక్కించెను. "ఈ పొద్దు నీకేమైందే?" అని ఒకతె అడుగగా తల యడ్డముగా ఊపెను. ఇంటికి వచ్చి అన్నము ముట్టలేదు. కూతురు పుస్తకము తెచ్చి ఎముకల పేర్లు అడుగబోయి, తల్లి ముఖము చూచి మానుకొనెను. కొంత సేపటికి తల్లియే జరిగినదంతయు చెప్పెను. బిడ్డతో ఇట్టివి చెప్పవచ్చునా కూడదా యని ఆలోచింపలేదు. ఆ యింటిలో ఆమె చదువు సంగతులు వినువారు ఆ పిల్ల తప్ప వేరొకరు లేరు.

కూతురు సేపంతయు విని, మెల్లగా, "మేమూ అంతేనమ్మా. సైన్సు రికార్డులో పదిమందికి నాడి చూసి రాయమంటే అందరికీ 72 అని రాసినాము" అనెను.

"పదిమందికీ నా?"

"ఇద్దరికి 74 వేసినాములే, అనుమానం రాకుండా."

తల్లికి నవ్వు రాలేదు. "చెయ్యి ఇటు ఇయ్యి" అని కూతురి మణికట్టున మూడు వ్రేళ్ళు ఆనించి, గడియారపు ముల్లు చూచుచు లెక్కించెను. 88 వచ్చెను. పిమ్మట కూతురిచే తన నాడి లెక్కింపజేసెను. నాడి దొరకుటకే ఆ పిల్లకు చాలసేపు పట్టెను. తరువాత తమ్మునికి, నాయనమ్మకు చూచిరి. ముసలమ్మ "నాకేం రోగమే?" అని కసరుకొనుచునే చెయ్యి చాచెను. నాలుగు నాడులలో ఏ రెండును ఒకటి కాలేదు. కూతురు రికార్డు పుస్తకము తెరచి, పది అంకెలను ఒక్కొక్క గీతతో కొట్టివేసెను. మరునాడు తరగతిలో మరల లెక్కించి వేయవలసిన అంకెలకు ప్రక్కన చోటు విడిచెను.

మరునాడు ఆమె ఆ బస్సునకే వచ్చి నిలిచెను. ఉపాధ్యాయిని నిన్నటి మాట అడుగలేదు, ఆమెయు చెప్పలేదు. ముసలి రైతు పండ్రెండవ దినమున ఇంటికి పోయెను. ఆనాటి ఉదయము ఆయన శ్వాస 18. ఆమె నిమిషము పూర్తియైన పిమ్మట గూడ మణికట్టు విడువక, ఇంకొక నిమిషము లెక్కించి, అప్పుడు వ్రాసెను.

మొదటి సంవత్సరపు పరీక్షలు వేసవిలో వచ్చినవి. ఓర్వకల్లు బండలు రాత్రి పది గంటలకు గూడ వేడి విడువవు. తలుపులన్నియు తీసి, దీపము క్రింద తల్లియు కూతురును చదువుచుండగా, ఒకనాడు తల్లి పుస్తకముపైననే తల వాల్చి నిద్రపోయెను. తెల్లవారుజామున లేచి సంచి సర్దుకొనుచు ఆమె చూచునప్పటికి, పుస్తకపు అంచున పెన్సిలుతో చిన్న అక్షరములలో ఇట్లు వ్రాసియుండెను: "అమ్మ. రాత్రి 10-40. శ్వాస 16. రెండుసార్లు లెక్కపెట్టినాను."